ఉధార్ పిల్ల

బంతి ఇంకా గాలిలో ఉండగానే మా చెల్లెలు బెంచీ మీంచి లేచింది.

రెండు చేతులూ పైకెత్తి, కూతుర్ని ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరుతో గ్రౌండంతా వినబడేలా అరిచింది. ఆ పేరు గ్రౌండులో ఎవరి నోటా రాకూడదని కట్టడి చేసిన మనిషి కూడా తనే. బంతి వెనక బోర్డుని ముట్టుకోకుండా, రింగుకి రాసుకోకుండా, తిన్నగా వలలోంచి జారి కింద పడింది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఒక్కసారి గోలపెట్టారు. ఆ గోల మధ్యలో, కాస్త ఆలస్యంగా, తను ఏ జట్టుకి కోచో మా చెల్లెలికి గుర్తొచ్చింది. ఎత్తిన చేతులు మెల్లగా దించి, మెడలో విజిల్ సర్దుకుని, ఏమీ జరగనట్టు కూర్చుంది.

ఆ బాస్కెట్ పడింది ఆమె జట్టు మీద.

నా వెనక వరసలో ఒకాయన పక్కాయనతో అన్నాడు: "అరె, యీ మేడం ఎవరి తరఫు భయ్యా? ఫైనల్లో ఓడిపోతా చప్పట్లు కొట్టే కోచ్‌ని ఎక్కడైనా చూసావా?"

నా పక్కనే కూర్చున్న మా బావ, అంటే ఆ కోచ్ మొగుడు, బంతి వేసిన పిల్ల తండ్రి, వెనక్కి తిరక్కుండా నెమ్మదిగా చెప్పాడు. "చప్పట్లు కాదండి. చేతులెత్తిందంతే."

ఇది పోయిన డిసెంబరు మాట. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు రెండు చేతులు పైకెత్తినా, ఆవులింతకి ఎత్తినా సరే, అందరూ మా చెల్లెలి వైపు చూస్తారు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తాతగారి కాలంలోనే ఈ దీవులకి వచ్చేశాం. నేనూ చెల్లెలూ ఇక్కడే పుట్టాం. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పత్రికాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఓడల రాకపోకలు, స్కూలు ఆటలు, ఈ రెండూ రాయడంలోనే నా ఉద్యోగం చాలావరకు గడిచింది. మా చెల్లెలు ఊళ్ళో పన్నెండో క్లాసు దాకా ఉన్న ఒక స్కూల్లో పీఈటీ టీచరు. డాలీగంజ్‌లో ఉంటారు. మా బావ హార్బరులో ఉద్యోగి. వాళ్ళకి ఒక్కతే కూతురు. పోయిన ఏడాది పదకొండో క్లాసు, అమ్మ పనిచేసే స్కూల్లోనే.

అర్ధసంవత్సరం పరీక్షలు అయిపోయాక, క్రిస్మస్‌కి ముందు, ఆ స్కూల్లోనే ఏటా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు జరుగుతుంది. అబర్డీన్ బజార్‌కి పైన ఏటవాలుగా ఉన్న స్కూలు. కోర్టు అంచు దాటిన బంతి మెట్లమీదుగా దొర్లి రోడ్డు మీద పడుతుంది. ఆ మలుపులో టీకొట్టాయన దాన్ని కాలితో ఆపి పైకి విసురుతాడు. ఎన్నో ఏళ్ళుగా విసురుతున్నాడు. టోర్నమెంటు జరిగే రోజుల్లో ఆయన్ని కూడా రిఫరీలతో పాటు టిఫినుకి పిలుస్తారు.

బయటి దీవుల జట్లు ఓడల్లో వస్తాయి. ఓడ టిక్కెట్ల సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. పెద్దాసుపత్రికి వచ్చే రోగులుంటే వాళ్ళకే ముందు సీట్లివ్వాలి. అందుకని పన్నెండు మంది బయల్దేరాల్సిన జట్టు ఎనిమిది మందితో దిగుతుంది. ఒకసారి నలుగురితో దిగిన జట్టు కూడా ఉంది. అలా ఏర్పడిన ఆచారమే ఉధార్. జట్టు తక్కువైన వాళ్ళకి ఆతిథ్యమిచ్చే స్కూలు తన జట్టులోంచి ఒక పిల్లని అరువిస్తుంది. ఎవర్నివ్వాలో ఇచ్చేవాళ్ళ ఇష్టం, పేరుపెట్టి అడక్కూడదు. తీసుకున్న జట్టు కెప్టెన్ ఆ పిల్ల చేతిలో ఒక కొబ్బరికాయ పెడుతుంది. అది చేతిలో పడ్డాక ఓడ తిరిగి వెళ్ళేవరకూ ఆ పిల్ల వాళ్ళది. మధ్యలో వెనక్కి పిలవడానికి లేదు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. అయినా ఎవరూ తప్పినట్టు నేను వినలేదు.

అరువిచ్చేటప్పుడు ఎవరూ తమ మంచి ప్లేయర్ని ఇవ్వరు కదా. బెంచీ మీద కూర్చునే వాళ్ళలోంచే ఇస్తారు. మా మేనకోడలు బెంచీ మీద కూర్చుని కూర్చుని ఆ బెంచీలో భాగమైపోయింది.

ఆట రాక కాదు. పిల్లకి తొమ్మిదో క్లాసులోనే ఆట బాగా వచ్చు. కానీ కోచ్ తల్లి. ఊరు చిన్నది. ఎవరి పిల్లకి ఏ చోటు ఎందుకొచ్చిందో సాయంత్రానికల్లా బజారంతా మాట్లాడుకుంటుంది. "మాస్టరమ్మ కూతురు కాబట్టి వేసుకుంది" అన్న మాట పడకూడదని మా చెల్లెలి పట్టుదల. ఆ పట్టుదలతో కూతురికి నీళ్ళ సీసాలు అందించే పని, తువ్వాళ్ళు మడతపెట్టే పని ఇచ్చింది. గ్రౌండులో "మేడం" అనాలి, ఇంటికొచ్చాక "మమ్మీ" అనొచ్చు. పిల్ల కోరిక ఒక్కటే. స్కూలు వదిలేలోపు ఒక్క మ్యాచ్, మొదటి విజిల్ నుంచి ఆఖరి విజిల్ దాకా ఆడాలి. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళ నాన్నకీ తెలుసు. అందరికంటే బాగా మా చెల్లెలికి తెలుసు.

ఇంటి పెరట్లో మా బావ గోడకి ఒక ఇనప రింగు బిగించాడు. పెరడంటే పెద్దదేం కాదు, సగం నీళ్ళ డ్రమ్ములే. ఎదురుగా నిలబడి బంతి వెయ్యడానికి చోటులేదు, పక్కన మూలలోంచే వెయ్యాలి. పైగా ఆ గోడకి అవతల బెంగాలీ ఆంటీ వంటిల్లు. బంతి గోడకి తగిలితే ఆవిడ అలమరలో సీసాలు ఊగుతాయి. "అరే బేటీ, మేరా దీవార్!" అని కేక వినబడుతుంది. అందుకని పిల్ల గోడని ముట్టుకోకుండా, బంతిని బాగా ఎత్తుగా లేపి మూలలోంచి వెయ్యడం నేర్చుకుంది. వంటింటి కిటికీలోంచి చూసే మా చెల్లెలికి ఆ బంతి ఎంత ఎత్తు లేస్తే పడుతుందో, ఎంత తగ్గితే పడదో, పోపు వేస్తూ కూడా తెలిసిపోయేది.

పోయిన డిసెంబరులో కార్ నికోబార్ నుంచి వచ్చిన జట్టుకి మనుషులు తగ్గారు. ఆ సాయంత్రమే నాకు ఫోనొచ్చింది.

"మామయ్యా, మమ్మీ నన్ను ఉధార్ ఇచ్చేసింది." గొంతులో ఉన్నది ఏడుపో నవ్వో తెలియలేదు.

"ఎవరికే?"

"నికోబారీ వాళ్ళకి. కొబ్బరికాయ కూడా చేతిలో పెట్టేసారు. బరువుంది యార్ అది!"

"మామయ్యని యార్ అంటావేటే?"

"సారీ సారీ. రేపు సుబే ఆరింటికి రా. నేను ఆడతాను! బెంచీ మీద కాదు మామయ్యా, సచ్చీ, లోపల!"

వెనక నుంచి మా చెల్లెలి గొంతు వినబడింది. "ఆడతావో లేదో వాళ్ళ సర్ చెప్తారు. ముందు అన్నం తిను."

పొద్దున్న వెళ్ళేసరికి పిల్ల తనది కాని జెర్సీలో ఉంది. ఓడెక్కలేకపోయిన ఎవరో అమ్మాయిది, ఏడో నంబరు, భుజాలు దిగజారుతోంది. నికోబారీ పిల్లలు తమలో తాము వాళ్ళ భాషలో మాట్లాడుకుంటారు, దీంతో హిందీలో. వాళ్ళ కోచ్ పెద్దవయసాయన, మాట పొదుపు. ఆట మొదలయ్యే ముందు మా పిల్లతో ఆయన చెప్పింది ఒకే ముక్క: "బేటీ, బంతి చేతికొస్తే వేసెయ్. అంతే."

అలా చెప్పిన కోచ్ దానికి అంతవరకూ తగల్లేదు. తల్లి దగ్గర ప్రాక్టీసులో దాని పని అసలు జట్టుకి బంతి అందించడం. ఆ అలవాటుకొద్దీ మొదటి మ్యాచ్ మొదట్లో బంతి వచ్చిన ప్రతిసారీ వెంటనే ఎవరికో ఒకరికి ఇచ్చేసింది. వాళ్ళ కెప్టెన్, పొడుగాటి అమ్మాయి, పడిపడి నవ్వింది. "దీదీ, ఇది బంతి. వేడి వేడి పకోడీ కాదు, పట్టుకో!" అని హిందీలో అరిచింది. తర్వాతి సారి పట్టుకుంది. వేసింది. పడలేదు. బంతి గేటు దాటి మెట్లమీదుగా టీకొట్టు దాకా పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. కోచ్ ఆయన మాత్రం వేలెత్తి అదే మాట మళ్ళీ చెప్పాడు. వేసెయ్.

ఆ రోజు మధ్యాహ్నానికి బాస్కెట్లు పడ్డం మొదలైంది.

వరసగా మ్యాచ్‌లు గెలిచారు. ఆ రోజుల్లో ఇంట్లో పరిస్థితి విచిత్రంగా ఉండేది. తల్లీ కూతుళ్ళు ఒకే స్కూటరు మీద గ్రౌండుకి వచ్చి, గేటు దగ్గర దిగి, ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ పోయేవాళ్ళు. నికోబారీ జట్టు పడుకునే క్లాసురూముకి రెండు పూటలా మా బావే భోజనం మోసేవాడు. పులిహోర, చేపల పులుసు. మా చెల్లెలి జట్టు పిల్లలు దారిలో ఆయన్ని ఆపేవాళ్ళు. "అంకుల్, మాకేది? అంతా దుష్మన్లకేనా?" రెండోరోజు నుంచి ఆయన రెండు గిన్నెలు మోశాడు.

చివరికి జరగకూడదని మా బావ అనుకున్నదే జరిగింది. ఫైనల్‌కి ఒకవైపు మా చెల్లెలి స్కూలు, రెండోవైపు నికోబారీ జట్టు. మర్నాడే వాళ్ళ ఓడ. క్రిస్మస్‌కి ఇంట్లో ఉండాలి కాబట్టి ఆట వాయిదా వెయ్యడానికి లేదు.

"బావా, నేనెటు కూర్చోవాల చెప్పు" అన్నాడు మా బావ ఫైనల్ పొద్దున్న. "మీ చెల్లి వైపు కూర్చుంటే కూతురు మాటాడదు. కూతురి వైపు కూర్చుంటే రాత్రి కూరుండదు."

స్కోరు రాసే బల్ల వెనక, సరిగ్గా నడిమధ్యలో ఇద్దరం కూర్చున్నాం. మా బావ ముందు జాగ్రత్తగా తెల్లచొక్కా వేసుకొచ్చాడు, ఏ జట్టు రంగూ కాకుండా. బెంగాలీ ఆంటీ కూడా వచ్చింది, ఇంటి నుంచి తెచ్చుకున్న పీటతో సహా.

పిల్లలు వరసగా నిలబడి చేతులు కలుపుకునేటప్పుడు మా చెల్లెలి జట్టు కెప్టెన్, మా పిల్లకి క్లాసులో పక్కసీటు నేస్తం, దాని చెయ్యి గట్టిగా నొక్కి "ఏయ్ గద్దార్! రేపట్నించి టిఫిన్లో ఇడ్లీ నాకు రెండెక్కువ తేవాల, తెలుసా" అంది.

"గెలిస్తే తెస్తా."

"ఎవరు గెలిస్తే?"

ఇద్దరూ నవ్వేశారు. రిఫరీ విజిల్ ఊదాడు.

ఆట ఎలా సాగిందో బంతి బంతికీ చెప్పను. ముందు వీళ్ళు, తర్వాత వాళ్ళు, ఆధిక్యం చేతులు మారుతూనే ఉంది. నేను ఆ రోజు చూసింది ఎక్కువగా మా చెల్లెల్నే. ఒక్కసారి కూడా కూతురి వైపు నేరుగా చూడలేదు. సగం ఆట అయ్యాక విరామంలో తన పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడింది. బల్ల వెనకే ఉన్నాం కాబట్టి మాకు స్పష్టంగా వినబడింది.

"మూలలో ఆ ఏడో నంబరుని వదలొద్దు. మూలలోకి పోనిచ్చారా, అయిపోయారు. ఎదురుగా అయితే వెయ్యలేదు, మూలలోంచి వేస్తుంది. అర్థమైందా?"

మా బావ నా మోచెయ్యి పొడిచాడు. "చూసావా బావా? పెరటి గుట్టంతా చెప్పేస్తోంది. సొంత కూతురికి ఏడో నంబరని పేరెట్టింది."

"కోచ్ కదరా మరి."

"కోచేలే" అన్నాడు. నొచ్చుకున్నాడో మెచ్చుకున్నాడో తెలీలేదు. బహుశా రెండూ.

పిల్లలు ఆ మాట చాలాసేపు పాటించారు. మూలలో దాన్ని కదలనివ్వలేదు. కానీ ఆఖరి నిమిషంలో, నికోబారీ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, వాళ్ళ పొడుగు కెప్టెన్ బంతితో నేరుగా రింగు మీదికి దూసుకెళ్ళింది. అడ్డం పడ్డానికి ముగ్గురు పరుగెత్తారు. ఏడో నంబరుని కాచుకున్న ఇడ్లీ నేస్తం కూడా పరుగెత్తింది. పొడుగు పిల్ల బంతి వెయ్యలేదు. చూడకుండానే పక్కకి తోసింది.

మూలలో మా పిల్ల ఒక్కతే ఉంది. ముందు డ్రమ్ములు లేవు, అవతల వంటిల్లు లేదు. అయినా బంతిని పెరట్లో వేసినట్టే, బోర్డు ఊసెత్తకుండా, బాగా ఎత్తుగా లేపింది.

మా చెల్లెలు లేచింది ఆ ఎత్తు చూసే. పడుతుందో లేదో అని ఊరంతా ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు, పడుతుందని అక్కడ తెలిసింది ఆవిడ ఒక్కర్తికే. పిల్లకి కూడా తెలుసో లేదో.

మిగిలిన కొన్ని క్షణాల్లో మా చెల్లెలి జట్టు ఒక ప్రయత్నం చేసింది. బంతి రింగు అంచుకి తగిలి బయటికి దొర్లింది. విజిల్. నికోబారీ పిల్లలు మా పిల్లని ఎత్తుకుని కోర్టు చుట్టూ తిప్పారు. ఇడ్లీ నేస్తం దాని వీపు మీద నాలుగు గుద్ది, తర్వాత వాటేసుకుంది. బెంగాలీ ఆంటీ పీట మీద నిలబడి, వినేవాళ్ళందరికీ చెబుతోంది, అదంతా తన గోడ మహిమేనని. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

బహుమతులయ్యాక మా చెల్లెలు మా దగ్గరికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"అన్నయ్యా, అందరూ నన్నే చూసి నవ్వుతున్నారు. నేను టైమౌట్ అడిగాను, అంతే."

"టైమౌట్‌కి రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తుతారా?"

"తొందర్లో ఎత్తాను."

"మరి ముద్దుపేరు పెట్టి పిలిచావు కదా. ఆ పేరుతో టైమౌట్ ఇస్తారా రిఫరీలు?"

ఆవిడ మా బావ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు, నేనేం చేసాను?"

మా బావ తెల్లచొక్కా కాలరు సవరించుకున్నాడు. "నేను నడిమధ్యలో కూర్చున్నానే. నాకేటీ కనబళ్ళేదు."

మర్నాడు హాడో జెట్టీకి అందరం వెళ్ళాం. నికోబారీ జట్టు కోచ్, షీల్డు చంకలో పెట్టుకుని, మా చెల్లెలికి నమస్కారం పెట్టి హిందీలో అన్నాడు: "మంచి పిల్లనిచ్చారు మేడం."

"అబ్బే, బెంచీ మీదుండే పిల్లే సర్."

"అయితే మీ బెంచీ చాలా మంచిది మేడం" అని ఆయన ఓడ మెట్లెక్కిపోయాడు. పొదుపరి మనిషి, ఉన్న మాటలన్నీ ఆ రోజుకి దాచుకున్నట్టున్నాడు. ఓడ కదిలేవరకూ మా పిల్ల ఆ వదులు జెర్సీలోనే ఉంది. కదిలాక కూడా విప్పలేదు. అది తర్వాతి ఓడలో తిరిగి వెళ్ళింది, ఉతికి ఇస్త్రీ చేసి.

ఆ తర్వాత నెలల తరబడి మా చెల్లెల్ని ఊరు వదల్లేదు. స్టాఫ్‌రూములో ఆవిడ అడుగుపెడితే టీచర్లు చేతులెత్తేవాళ్ళు. మలుపులో టీకొట్టాయన "మేడం, స్పెషల్ చాయా, టైమౌట్ చాయా?" అని అడిగేవాడు. మొదట్లో ఉడుక్కునేది. వేసవికల్లా తనే "టైమౌట్ చాయ్, షక్కర్ తక్కువ" అనడం మొదలుపెట్టింది. విచిత్రమేమిటంటే, ఆవిడ ఇన్నేళ్ళుగా భయపడ్డ మాట మాత్రం ఎవరూ అనలేదు. కూతురు కాబట్టి పక్షపాతం చూపిందని కాదు, సొంత కూతుర్నైనా ఇన్నాళ్ళు కూర్చోబెట్టిందనే బజార్లో చెప్పుకున్నారు.

ఇప్పుడు పిల్ల పన్నెండో క్లాసు. స్కూలు జట్టులో దానికి ఇదే ఆఖరి డిసెంబరు. మూలలోంచే కాదు, ఎదురుగా నిలబడి కూడా వేస్తోంది. పెరట్లో ఎదురు చోటు కోసం మా బావ డ్రమ్ములు జరిపాడు. నీళ్ళు పట్టుకోవడం కష్టమైనా మా చెల్లెలు ఏమీ అనలేదు.

వానాకాలం మొదట్లో ఓడ మీద వచ్చిన ఎవరో మా చెల్లెలి ఇంటి దగ్గర ఒక కొబ్బరికాయ దించి వెళ్ళారు. నికోబారీ జట్టు పంపింది. దాంతో పాటు ఒక కబురు: ఈ డిసెంబరులో కూడా తమ జట్టులో ఒకళ్ళకి ఓడ సీటు దొరక్కపోవచ్చని అనుమానంగా ఉందట. పేరు పెట్టి అడగలేదు కాబట్టి ఆచారం తప్పినట్టు కాదు. ఓడ టిక్కెట్లు ఇంకా అమ్మకానికి రాని రోజుల్లో వాళ్ళకి ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు తెలియదు.

మొన్న భోజనాల దగ్గర నేనే అడిగాను. "ఈసారి దాన్ని ఆడిస్తావా, ఉధారిస్తావా?"

"సెలక్షన్ రోజు అందరితో పాటు గ్రౌండుకి రమ్మను" అంది మా చెల్లెలు, చారు వడ్డిస్తూ.

"వస్తాను మేడం" అంది పిల్ల.

"ఇంట్లో మమ్మీ."

సెలక్షన్లు పరీక్షలయ్యాకే. జట్టు పేర్లు నోటీసు బోర్డు మీద ఇంకా పడలేదు. కొబ్బరికాయని మా చెల్లెలు కొట్టలేదు, తిరిగి పంపనూ లేదు. పెరట్లో రింగు కింద, డ్రమ్ముల పక్కన పెట్టింది. దానికి మొలక వచ్చింది.